పిల్లలు లేరని కోడలినే తప్పుపట్టడం తగదు
(మా గ్రామీణ విలేకరి)

పెళ్లయి రెండేళ్లు గడిచినా కడుపు పండకపోతే పల్లెల్లో అందరి వేలూ కోడలి వైపే చూపుతుంది. మొక్కులూ, తాయెత్తులూ ఆమెకే. ఆసుపత్రికి తీసుకెళ్లేదీ ఆమెనే. చివరకు మగవాడికి మారుమనువు చేద్దామనే మాట కూడా వస్తుంది. కాని సంతానం లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి లోపం కూడా ఉంటున్నదని వైద్యులు చెబుతున్నారు.

వీర్యకణాలు లేకపోవడం వేరు, మగతనం లేకపోవడం వేరు. సంసారానికి ఏ లోటూ లేనివారిలో సైతం వీర్యకణాలు ఉండకపోవచ్చు. కనుక పరీక్షకు సిగ్గుపడవలసిన పని లేదు.

ఈ విషయమై మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనా కేంద్రంలో విలువైన కృషి జరిగింది. డాక్టర్ కె. తంగరాజ్, డాక్టర్ లాల్జీ సింగ్ తదితరులు, వీర్యకణాలు బొత్తిగా లేని 340 మందిని పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 29 మందికి ‘వై’ క్రోమోజోములో కొంత ముక్క లోపించినట్టు తేలింది. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చేది ఈ క్రోమోజోము. ఇటువంటి లోపాన్ని మందులతో సరిచేయలేము.

మిగిలిన కారణాలు అనేకం. వృషణాల వద్ద రక్తనాళాలు ఉబ్బడం, ఈడు వచ్చాక గవదబిళ్లలు వృషణాలకు సోకడం, సుఖవ్యాధులు, బాల్యంలో వృషణం సంచిలోకి దిగకపోవడం, పొగాకు, అతిగా మద్యం ఇందులో ముఖ్యమైనవి. వృషణాలు ఒంటి వేడి కంటే కొంచెం చల్లగా ఉంటేనే వీర్యకణాలు సరిగా తయారవుతాయి. కొలిమి, బట్టీల వద్ద రోజంతా వేడిలో పనిచేసేవారు ఇది గమనించాలి.

మందు కొట్టే రైతులు తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, నేలలోని నులిపురుగులను చంపే డి.బి.సి.పి. మందు తయారుచేసే కర్మాగారంలో, తమకు పిల్లలు కలగడం లేదని కార్మికులే గుర్తించారు. పరీక్షించగా పలువురిలో వీర్యకణాలు తగ్గాయని, కొందరిలో అసలే లేవని తేలింది. తరువాత ఆ దేశంలో ఆ మందును నిషేధించారు. ఏ మందు కొట్టినా చేతులకు తొడుగు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. పని కాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి.

కాపురం చేస్తూ ఏడాది గడిచినా గర్భం రాకపోతే భార్యాభర్తలిద్దరూ వైద్యుని కలవాలి. మగవారికి మొదటి పరీక్ష వీర్యపరీక్షే. దానికి కోత లేదు, నొప్పి లేదు. రెండు నుంచి ఏడు రోజులు భార్యకు దూరంగా ఉండి నమూనా ఇస్తే చాలు. ఫలితం తేడాగా వస్తే మరోసారి చేయించాలి.

ఉబ్బిన నాళాలకు, దారి మూసుకుపోయినవారికి శస్త్రచికిత్స ఉంది. హార్మోను లోపానికి మందులున్నాయి. వీర్యకణం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది గనుక వైద్యానికి ఓపిక కావాలి. కణాలు మరీ తక్కువైతే ఒక్క కణాన్ని అండంలోకి ఎక్కించే ‘ఇక్సీ’ పద్ధతి 1992 నుంచి ఉంది. ‘వై’ లోపం ఉన్నవారిలో కూడా కొందరికి ఇది ఫలిస్తుంది. అయితే పుట్టే కొడుక్కి అదే లోపం సంక్రమిస్తుంది.

బలానికని ఎవరో చెబితే మగ హార్మోను సూదులు వేయించుకోరాదు. అవి వీర్యకణాల తయారీని ఇంకా తగ్గిస్తాయి.

మారుమనువు మాట ఎత్తే పెద్దలు ముందుగా కొడుకును పరీక్షకు పంపాలి. లోపం అతనిలోనే ఉంటే రెండో పెళ్లి వల్ల పిల్లలు కలగరు, ఇద్దరు ఆడపిల్లల బతుకు చెడుతుంది.