లైనక్స్ కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతోందా? ఫార్మాట్‌కి ముందు ఇవి చూడండి

షాపు లెక్కలు ఎక్కిస్తుంటేనో, పిల్లలు ఆన్‌లైన్ పరీక్ష రాస్తుంటేనో కంప్యూటర్ టక్కున ఆగి మళ్లీ మొదలవుతుంది. చాలామంది ఇచ్చే మొదటి సలహా ‘ఫార్మాట్ కొట్టించండి’. తొందరపడొద్దు. ఫైళ్లు పోతాయి, జబ్బు అలాగే ఉండిపోవచ్చు.

లైనక్స్ తన పనులన్నీ లాగ్‌లో రాసిపెట్టుకుంటుంది. టెర్మినల్‌లో ‘జర్నల్‌సీటీఎల్ -బి -1 -ఇ’ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొడితే, చాలా సిస్టమ్‌లలో కిందటిసారి ఆగేముందు రాసిన చివరి లైన్లు కనిపిస్తాయి. సర్వీసులు వరసగా ఆగినట్టుంటే రీస్టార్ట్ చేసింది సాఫ్ట్‌వేరే, అప్‌డేట్ కావచ్చు. లాగ్ మధ్యలో తెగిపోతే మాత్రం ముందు కరెంటు, వేడి, ర్యామ్‌లనే అనుమానించాలి. కెర్నల్ దెబ్బతింటే మామూలుగా స్క్రీన్ బిగుసుకుపోతుంది.

పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ ప్లాంటు ఉంది. అంతమాత్రాన ఇంట్లో వోల్టేజీ నిలకడగా ఉంటుందని హామీ లేదు కదా! యూపీఎస్ ఉన్నా, బ్యాటరీ రెండు మూడేళ్లకే నీరసించవచ్చు. ఫైళ్లు సేవ్ చేసి, గోడ దగ్గర యూపీఎస్ స్విచ్ ఆపి చూడండి. కంప్యూటర్ వెంటనే ఆగిందంటే దొంగ దొరికినట్టే.

తర్వాత వేడి. ‘సెన్సర్స్’ కమాండ్ ప్రాసెసర్ ఉష్ణోగ్రత చెబుతుంది (లేకపోతే ఎల్ఎమ్-సెన్సర్స్ ప్యాకేజీ వేసుకోవాలి). 100 డిగ్రీల దగ్గరికి పోతోందంటే ఫ్యాన్‌లో దుమ్ము చూడాలి. అదీ కాకపోతే రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపి ర్యామ్ పరీక్షించవచ్చు.

ఎస్ఎమ్‌పీఎస్ డబ్బాని మాత్రం ఇంట్లో విప్పొద్దు. ప్లగ్ పీకినా లోపల కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది. అనుమానం వస్తే మెకానిక్‌తో వేరేది పెట్టించి చూసుకోండి.