వంశంలో కొలెస్టరాల్: అపాయాన్ని కొలుచుకొనేది ఎట్లా?

“మా నాన్నగారు నలభై ఎనిమిదో ఏట గుండెపోటుతో పోయారు. నాకూ అంతే రాసిపెట్టి ఉంది” అంటారు కొందరు. “ఆయన చుట్ట కాల్చేవారు. నేను కాల్చను, సన్నగానే ఉన్నాను” అంటారు మరికొందరు. పుట్టుకతోనే రక్తంలో కొలెస్టరాల్ అధికంగా ఉండే కుటుంబాలలో ఈ రెండు ధోరణులూ కనిపిస్తాయి, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంటి అన్నదమ్ములలోనే. ఇరువురూ తమ అపాయాన్ని రక్తపరీక్షతో కాక, పోయినవారి వయస్సుతో కొలుచుకొంటున్నారు.

ఈ వ్యాధికి మూలం ఆహారం కాదు. చెడు కొలెస్టరాల్‌ను, అనగా ఎల్.డి.ఎల్.ను, రక్తం నుండి తొలగించే గ్రాహకాలు కాలేయ కణాలపై ఉంటాయి. వీటిని కనుగొన్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించింది. జన్యులోపం వలన గ్రాహకాలు తగ్గినవారిలో బాల్యం నుండే ధమనులలో కొవ్వు పేరుకొంటుంది. సుమారు 250–300 మందిలో ఒకరికి ఈ లోపం ఉంటుంది. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే, ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. పోలికలు తల్లివైపువైనంత మాత్రాన తండ్రి లోపం రాలేదనుకోరాదు. చికిత్స లేనిచో 50 ఏళ్ళ లోపు పురుషులలో సగం మందికి, 60 ఏళ్ళ లోపు స్త్రీలలో సుమారు 30 శాతం మందికి గుండెజబ్బు వస్తుంది. ఆడవారికి రాదులే అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

బీజదోషం వలన సంక్రమించే ప్రమేహాన్ని చరకసంహిత అసాధ్యమన్నది. ఆ మాట పట్టుకొని ఈ వ్యాధి విషయంలోనూ నిరాశపడనక్కరలేదు. దోషం అట్లే ఉన్నా, దాని ఫలితాన్ని చాలావరకు ఆపవచ్చును. నెదర్లాండ్స్‌లో బాల్యంలోనే స్టాటిన్ మందులు మొదలుపెట్టినవారిని 20 ఏళ్ళు గమనించి 2019లో ఫలితాలు ప్రకటించారు. 39 ఏళ్ళు వచ్చేసరికి వారిలో 1 శాతం మందికే గుండె, రక్తనాళాల జబ్బు వచ్చింది. అదే లోపమున్న వారి తల్లిదండ్రులలో, ఆ వయస్సుకే 26 శాతం మందికి వచ్చింది!

వెల్లుల్లి, మెంతులు భోజనంలో ఉండవలసినవే. అయితే ఈ కుటుంబాలకు అవి మందుకు బదులు కాజాలవు. గుగ్గులు మీద చాలామందికి నమ్మకం. కాని 2003లో అమెరికాలో ప్రకటించిన పరీక్షలో దాని వలన ఎల్.డి.ఎల్. తగ్గకపోగా కొద్దిగా పెరిగింది. దానిని నమ్ముకొని వైద్యుడిచ్చిన మాత్ర మానరాదు.

మడమ వెనుక నరం దళసరి కావడం, వ్రేళ్ళ కణుపులపై గట్టి బుడిపెలు, 45 ఏళ్ళ లోపే నల్లగుడ్డు చుట్టూ తెల్లని వలయం దీని గుర్తులు. ఇవేవీ లేకుండానూ వ్యాధి ఉండవచ్చును. 100 మి.లీ. రక్తంలో ఎల్.డి.ఎల్. పెద్దలలో 190, పిల్లలలో 160 మి.గ్రా. దాటితే అనుమానించాలి. ఇంట్లో ఒకరికి వ్యాధి తేలితే తోబుట్టువులకు, పదేళ్ళు నిండేలోగా పిల్లలకు పరీక్ష చేయించాలి.