దంత ఎక్స్‌రే తీసేవారి పని, అర్హత, అనుమతులు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల నేపథ్యం

వ్యాససంగ్రహం

దంతచికిత్సకు ఎక్స్‌రే చిత్రం ముఖ్యమైన ఆధారం. అయితే ఆ చిత్రాన్ని తీసే వ్యక్తికి ఉండవలసిన అర్హత ఏమిటన్న ప్రశ్నకు భారతీయ చట్టాలలో ఒకేచోట సమాధానం లభించదు. యంత్రానికి ఒక చట్టం, దంతవైద్యునికి ఒక చట్టం, టెక్నీషియన్‌కు మరొక చట్టం వర్తిస్తున్నాయి. శ్రీ సత్యసాయి జిల్లాలోని మూడు పట్టణాల నేపథ్యంలో ఈ వ్యవస్థను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: దంత ఎక్స్‌రే, రేడియోగ్రాఫర్, అణుశక్తి నియంత్రణ మండలి, పారామెడికల్ బోర్డు, శ్రీ సత్యసాయి జిల్లా.

1. ఉపోద్ఘాతం

1895 నవంబరులో రాంట్‌జన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నాడు. 1896 జనవరిలోనే జర్మన్ దంతవైద్యుడు ఒట్టో వాల్క్‌హాఫ్ తన పళ్ళను ఎక్స్‌రే తీసుకున్నాడు. అందుకు 25 నిమిషాలు కిరణాలకు ఎదురుగా ఉండవలసి వచ్చింది. నేడు అది సెకనులో కొద్ది భాగంలో పూర్తవుతుంది.

2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా విభజనతో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. వ్యాపార కేంద్రమైన హిందూపురం, పట్టుచీరల ధర్మవరం, విజయనగర రాజుల కోట గల పెనుకొండ ఈ జిల్లాలోనివే. ఉమ్మడి అనంతపురం జిల్లా భూగర్భజలాలలో ఫ్లోరైడ్ సమస్య చిరకాలంగా ఉంది. ఫ్లోరైడ్ వల్ల పళ్ళపై ఏర్పడే మరక కంటికి కనిపిస్తుంది. రెండు పళ్ళ నడుమ దాగిన పుచ్చును, వేరు కొసన చేరిన చీమును నిర్ధారించడానికి మాత్రం ఎక్స్‌రే అవసరమవుతుంది.

2. పని స్వభావం

ఒకటి రెండు పళ్ళను వేరు కొస వరకు చూపే చిన్న చిత్రం, పళ్ళ నడుమ పుచ్చును చూపే బైట్‌వింగ్, రెండు దవడలను ఒకేసారి చూపే ఓపీజీ అనేవి తరచుగా తీసే చిత్రాలు. కిరణం కోణం తప్పితే పంటి వేరు ఉన్నదానికంటే పొడవుగానో పొట్టిగానో కనిపిస్తుంది. రూట్ కెనాల్ చికిత్సలో ఆ కొలతనే నమ్ముకుంటే పరికరం వేరు కొసను దాటిపోవచ్చు, లేదా అక్కడిదాకా చేరకపోవచ్చు. చిత్రం చెడితే మళ్ళీ తీయాలి, అంటే రోగికి రెండో మోతాదు తప్పదు. మీట నొక్కడం ఎవరైనా చేయగలరు. ఫిల్మునూ కిరణాన్నీ సరైన కోణంలో నిలపడంలోనే నేర్పు ఉంది.

3. యంత్రానికి అనుమతి

1962 నాటి అణుశక్తి చట్టం కింద వెలువడిన 2004 నాటి వికిరణ రక్షణ నియమాలు ఎక్స్‌రే యంత్రాలకు వర్తిస్తాయి. వీటిని అమలుచేసేది 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి. మండలి ఆమోదించిన నమూనా యంత్రాన్నే కొనాలి. దానిని ‘ఈ-లోరా’ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా నమోదు చేయాలి. నాణ్యతా పరీక్షలు నిర్ణీత కాలానికి జరిపించాలి.

వికిరణంతో పనిచేసేవారికి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు పరిమితి. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటరాదు. సామాన్య ప్రజలకు పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్. ఒక చిన్న దంతచిత్రం వల్ల రోగికి చేరేది సాధారణంగా కొన్ని మైక్రోసీవర్ట్‌లే, అనగా మిల్లీసీవర్ట్‌లో వెయ్యో వంతు లెక్కలోనిది. కాని రోగి వచ్చేది ఎప్పుడో ఒకసారి, తీసేవారు ప్రతిరోజూ అక్కడే ఉంటారు. దూరం రెట్టింపైతే కిరణతీవ్రత నాలుగో వంతుకు తగ్గుతుంది. అందువల్ల దూరంగా గాని, అడ్డుతెర వెనుక గాని నిలబడి మీట నొక్కాలి. రోగి నోటిలోని ఫిల్మును సిబ్బంది తమ వేలితో పట్టుకోరాదు.

4. మనిషికి అర్హత

1948 నాటి దంతవైద్యుల చట్టం దంతవైద్యులను, డెంటల్ హైజీనిస్టులను, డెంటల్ మెకానిక్కులను గుర్తించింది. అందులో దంత రేడియోగ్రాఫర్ అనే వర్గం లేదు. దాని స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ దంత కమిషన్ చట్టం చేసింది. ఎక్స్‌రే టెక్నీషియన్లు 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పరిధిలోకి వస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా వంటి కోర్సులు పారామెడికల్ బోర్డు ఆధ్వర్యంలో నడుస్తున్నాయి. అవి దేహమంతటికీ సంబంధించినవి, దంతాలకే ప్రత్యేకించినవి కావు. అమెరికాలో పలు రాష్ట్రాలు ఎక్స్‌రే తీసే దంత సహాయకులకు ప్రత్యేక శిక్షణనో పరీక్షనో నిర్దేశించాయి.

5. చిన్న పట్టణాల స్థితి

ఒకే కుర్చీ ఉన్న క్లినిక్ ఎక్స్‌రే కోసం వేరొక ఉద్యోగిని పోషించడం కష్టం. దంతవైద్యులే చిత్రం తీసుకోవడం అక్కడ సహజం, వారి చదువులో ఆ శిక్షణ ఉంది. చిక్కు ఎదురయ్యేది ఆ పనిని సహాయకులకు అప్పగించినప్పుడు. యంత్రం నమోదై ఉంటుంది, దంతవైద్యునికి రిజిస్ట్రేషన్ ఉంటుంది. మీట నొక్కే సహాయకురాలికి మాత్రం శిక్షణ పత్రం గాని, మోతాదును కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి గాని లేకపోవచ్చు. అప్పుడు రోగికి చిత్రం చెడే ప్రమాదం ఉంటుంది, ఆమె పొందిన వికిరణానికి లెక్కే ఉండదు.

6. ముగింపు

ప్రస్తుత వ్యవస్థలో యంత్రానికి నమోదు స్పష్టంగా ఉంది, దంత ఎక్స్‌రే తీసే సహాయకులకు అంత స్పష్టమైన గుర్తింపు లేదు. దంత సహాయకుల కోసం స్వల్పకాలిక రేడియోగ్రఫీ శిక్షణను రూపొందించి జిల్లా స్థాయిలో అందిస్తే ఈ లోటు కొంత తీరుతుంది. శిక్షణ పొందినవారి పేర్లు ఒక పట్టికలో నమోదైతే హిందూపురంలో నేర్చినవారికి ధర్మవరంలోనూ ఉపాధి దొరుకుతుంది. రోగికి సరైన చిత్రం, పనివారికి రక్షణ రెండూ ఆ గుర్తింపు మీదే ఆధారపడి ఉన్నాయి.