బోటులో బ్యాటరీ – మనం తెలుసుకోవలసిన సంగతులు



ఇచ్ఛాపురం నుంచి తడ వరకు మన తీరం పొడవునా ఎన్నో కుటుంబాలు సముద్రం మీద వేటతో బతుకుతున్నాయి. మన హాస్టల్లో చదువుకున్న వారిలోనూ, చదువుతున్న వారిలోనూ ఆ ఇళ్ల పిల్లలు ఉన్నారు. ఒకప్పుడు తెరచాప, తెడ్డు, చుక్కల గుర్తులు ఉంటే చాలు. ఇప్పుడు చిన్న ఫైబర్ బోటులో కూడా జి.పి.ఎస్., చేపల జాడ చూపే ఎకో సౌండర్, వి.హెచ్.ఎఫ్. వైర్‌లెస్ సెట్టు, ఎల్.ఇ.డి. లైట్లు కనిపిస్తున్నాయి. సెల్ఫ్ స్టార్టు ఇంజన్లు కూడా వచ్చాయి. వీటన్నిటికీ ఆధారం బ్యాటరీ. అర్ధరాత్రి ఒడ్డుకు దూరాన అది డౌన్ అయితే ఇంజన్ స్టార్టు కాదు. దారి తెలియదు. ఎదురుగా వచ్చే ఓడకు మన బోటు కనబడదు. సాయం కోసం పిలుద్దామంటే సెట్టు పలకదు.

మా ఇళ్లలో డిగ్రీ చదివిన తొలి తరం మేమే. సెలవులకు ఊరు వెళితే, "ఇంతింత చదువులు చదివారు కదర్రా, కొన్న బ్యాటరీ ఏడాదికే ఎందుకు పోయిందో చెప్పండి" అని పెద్దవాళ్లు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. మా జవాబు ఇది: చాలా బ్యాటరీలు వాడకం వల్ల కంటే, చార్జి తగ్గినదాన్ని అలాగే వదిలేయడం వల్ల త్వరగా పాడవుతాయి.

లోపల ఏం జరుగుతుంది?

బోట్లలో ఎక్కువగా వాడేది సీసపు బ్యాటరీ. దీన్ని 1859లో ఫ్రాన్సు శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే కనుగొన్నాడు. ఒక్కొక్క సెల్ సుమారు 2 ఓల్టులు. ఆరు సెల్స్ కలిస్తే 12 ఓల్టుల బ్యాటరీ. ఇందులో ఒక రకం పలకలు సీసం, రెండో రకం లెడ్ డయాక్సైడ్. మధ్యలో నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. కరెంటు వాడుతున్నకొద్దీ రెండు రకాల పలకల మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది, యాసిడ్ పలచబడుతుంది. చార్జింగ్ పెడితే ఇదంతా వెనక్కి మారుతుంది.

వెంటనే చార్జి చేస్తే ఆ సల్ఫేట్ తేలిగ్గా కరుగుతుంది. రోజుల తరబడి వదిలేస్తే గట్టి పలుకులుగా మారి పలకలను పట్టుకుంటుంది. ఆ తర్వాత ఎంత చార్జి పెట్టినా పూర్తిగా పోదు. 'బ్యాటరీ చార్జి పట్టడం లేదు' అని మనవాళ్లు అనేది చాలాసార్లు దీని గురించే.

రెండు బ్యాటరీలు ఎందుకు?

ఇంజన్ స్టార్టు చేసేటప్పుడు కొన్ని సెకన్లపాటు వంద, అంతకు మించి ఆంపియర్ల కరెంటు కావాలి. దీనికి పలచటి పలకలున్న స్టార్టింగ్ బ్యాటరీ సరిపోతుంది. లైట్లు, జి.పి.ఎస్. వంటివి తక్కువ కరెంటు తీసుకుంటాయి గాని రాత్రంతా తీసుకుంటాయి. దానికి మందపాటి పలకలున్న డీప్ సైకిల్ బ్యాటరీ కావాలి. ఒకే బ్యాటరీతో రెండు పనులూ చేయిస్తే, తెల్లవారి ఇంజన్ తిప్పే వేళకు అందులో ఏమీ మిగలదు. అందుకే సెల్ఫ్ స్టార్టు బోటులో ఇంజనుకు ఒకటి, మిగతా వాటికి ఒకటి వేరుగా ఉంచి, మధ్యలో మార్చుకునే స్విచ్ పెట్టాలి. తాడు లాగి స్టార్టు చేసే మోటారు అయితే లైట్ల బ్యాటరీ ఒక్కటి చాలు.

ఎంత సైజు కావాలి?

వాట్లను ఓల్టులతో భాగిస్తే ఆంపియర్లు. దాన్ని గంటలతో హెచ్చిస్తే ఆంపియర్ అవర్లు, అంటే బ్యాటరీ మీద రాసి ఉండే ఎ.హెచ్. పది గంటల రాత్రి వేటకు ఒక లెక్క చూద్దాం.

1. 10 వాట్ల ఎల్.ఇ.డి. లైట్లు రెండు: సుమారు 17 ఎ.హెచ్.
2. జి.పి.ఎస్., ఎకో సౌండర్ కలిపి 12 వాట్లు: 10 ఎ.హెచ్.
3. వి.హెచ్.ఎఫ్. సెట్టు వినడానికి అర ఆంపియర్ చొప్పున: 5 ఎ.హెచ్.
4. అదే సెట్టులో మాట్లాడటానికి 5 ఆంపియర్ల చొప్పున, మొత్తం 12 నిమిషాలు: 1 ఎ.హెచ్.
5. 3 వాట్ల గుర్తు దీపం: రెండున్నర ఎ.హెచ్.

మొత్తం సుమారు 36. సీసపు బ్యాటరీలో సగానికి మించి వాడకూడదు కనుక 72 అవసరం. అంటే 80 ఎ.హెచ్. బ్యాటరీ కొనాలి. వాడిన 36 తిరిగి నిండాలంటే నష్టాలతో కలిపి 42 దాకా చార్జి పెట్టాలి. మంచి ఎండలో 100 వాట్ల సోలార్ పలక రోజుకు సుమారు 25 ఎ.హెచ్. ఇస్తుంది. కాబట్టి ఆ ఒక్క పలక చాలదు. మిగతాది ఇంజన్ ఆల్టర్నేటర్ నుంచో, ఒడ్డున చార్జర్ నుంచో రావాలి.

బిగించే పద్ధతి

బ్యాటరీని మూతా, గాలి రంధ్రాలూ ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో ఉంచి, పట్టీతో కదలకుండా బిగించాలి. బోటు అడుగున చేరే నీటికి అందని ఎత్తులో ఉండాలి. ఉప్పునీరు యాసిడ్‌లో కలిస్తే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. అది మండే వాయువు. అక్కడ బీడీ, అగ్గిపుల్ల పనికిరావు.

ప్లస్ తీగకు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు వేయాలి. ఇంట్లో వాడే సన్నటి వైరు బోటుకు సరిపోదు. 24 వాట్ల దీపం ఇంట్లో 230 ఓల్టుల మీద 0.1 ఆంపియర్ తీసుకుంటే, 12 ఓల్టుల మీద 2 ఆంపియర్లు తీసుకుంటుంది. వైరు సన్నదైతే వేడెక్కుతుంది, దీపం మసకబారుతుంది. తగరపు పూత ఉన్న రాగి వైరు ఉప్పుగాలికి తట్టుకుంటుంది. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. చేతి ఉంగరం, కడియం తీసి పని చేయాలి.

నిర్వహణ

వేట నుంచి వచ్చిన రోజే చార్జి పెట్టాలి. చార్జింగ్ ఆపి కొన్ని గంటలు కదపకుండా ఉంచి మీటరుతో చూస్తే 12.6 ఓల్టులు, ఆపైన ఉంటే నిండినట్టు. 12.2 అంటే సగం. అంతకు తగ్గనివ్వరాదు. నీళ్లు పోసే రకమైతే నెలకొకసారి మూతలు తీసి, పలకలు మునిగేలా డిస్టిల్డ్ వాటరే పోయాలి. కుళాయి నీళ్లు గాని, కొత్త యాసిడ్ గాని పోయరాదు. చార్జి నిండాక గుర్తు వరకు పోయాలి. ముందే నిండుగా పోస్తే పొంగుతుంది. టెర్మినల్స్ మీద పొక్కులు కడితే మూతలు బిగించి, వంటసోడా నీళ్లతో కడిగి, ఆరాక వేజిలిన్ పూయాలి. యాసిడ్ ఒంటి మీద పడితే వెంటనే మంచినీళ్లతో బాగా కడగాలి.

లిథియం బ్యాటరీలు తేలికగా ఉంటాయి, ఎక్కువ లోతుగా వాడుకోవచ్చు. కాని ఖరీదు ఎక్కువ, వాటికి తగిన చార్జర్ వేరు. పాత చార్జర్‌ను అలాగే తగిలించరాదు.

వేట నిషేధం – మన సెలవులు

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు బోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. బోట్లు ఒడ్డున ఉంటాయి, బ్యాటరీలు వాటిలోనే ఎండకు మగ్గుతాయి. వాడకపోయినా బ్యాటరీ తనంతట తాను డౌన్ అవుతుంది. వేడికి ఇంకా త్వరగా అవుతుంది. సల్ఫేట్ గట్టిపడేది ఈ రెండు నెలల్లోనే. జూన్ 15న మళ్లీ బయలుదేరేటప్పుడు కొత్త బ్యాటరీకి అప్పు చేయవలసి వస్తుంది.

మిత్రులారా, మనకు వేసవి సెలవులు కూడా ఆ రోజుల్లోనే. ఇంటికి వెళ్లినప్పుడు బ్యాటరీని బోటులోంచి తీయించి, పైభాగం తుడిచి, పూర్తిగా చార్జి పెట్టి, నీడలో గాలి తగిలే చోట ఉంచండి. మూడు వారాలకొకసారి ఓల్టులు చూసి మళ్లీ నింపండి. ఒక పాత నోటుబుక్కులో తేదీ, ఓల్టులు రాసి పెట్టండి. తీరంలో లేనివారికి ట్రాక్టరు, ఇన్వర్టరు విషయంలో ఇదే సూత్రం పనికొస్తుంది.

వి.హెచ్.ఎఫ్. 16వ చానెల్ ఆపద పిలుపులకు కేటాయించినది. కోస్ట్ గార్డు ఉచిత నంబరు 1554. బోటులో ప్రతి ఒక్కరికీ ఈ రెండూ కంఠతా రావాలి. సెట్టులోనూ ఫోనులోనూ చార్జి ఉన్నప్పుడే అవి పనికొస్తాయని మరువవద్దు. పై తరగతుల్లో మనం మార్కుల కోసం రాసే సమీకరణం ఇంట్లో నాన్న, అన్నయ్య వేట నుంచి క్షేమంగా తిరిగి రావడానికి ఉపయోగపడితే, ఆ చదువుకు అంతకంటే ఏం కావాలి?

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం)