గేర్‌బాక్స్ దించే ముందు

సుచిత్ర చౌరస్తా నుంచి కొంపల్లి మీదుగా మేడ్చల్ దాకా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి ఆటోమేటిక్ కారుకు గట్టి పరీక్షే పెడుతుంది. సుచిత్ర దగ్గర ఆగుతూ కదులుతూ కింది గేర్లలోనే గడపాలి. కండ్లకోయ దాటాక పై గేర్లు ఒకదాని వెంట ఒకటి పడాలి. కుత్బుల్లాపూర్ చుట్టుపక్కల ఈ దారిన తిరిగేవాటిలో పాత ఆటోమేటిక్ కార్లూ ఉంటాయి. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు తీరాక ఫిట్‌నెస్ చూపించి, మరో ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకుని నడుపుకునేవాళ్లూ ఉంటారు.

అలాంటి కారు ఒకరోజు గేరు మారేటప్పుడు జర్క్ కొట్టిందంటే ‘బాక్స్ దించాలి’ అనే మాట వినిపిస్తుంది. గేర్‌బాక్స్ దించి విప్పడం ఖరీదైన పని. లోపం బయటే ఉంటే ఆ ఖర్చంతా వృథా. అందుకే లోపం ఎక్కడుందో ఒక వరుసలో వెతకాలి. ఆ వరుస అర్థం కావాలంటే ముందు లోపల ఏం జరుగుతోందో తెలియాలి.

అన్ని పనులూ ఆయిల్‌వే

మాన్యువల్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ కందెన మాత్రమే. ఆటోమేటిక్‌లో అదే ఆయిల్ ఇంజిన్ శక్తిని అందిస్తుంది, గేర్లు మారుస్తుంది, వేడిని బయటికి మోసుకుపోతుంది.

ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజిన్‌తో పాటు తిరిగే రెక్కల చక్రం ఆయిల్‌ను విసురుతుంది. ఆ ధాటికి ఎదుటి రెక్కల చక్రం తిరిగి గేర్‌బాక్స్‌ను నడుపుతుంది. దాని వెనక ప్లానెటరీ గేర్లు ఉంటాయి. వాటిలో ఏ భాగాన్ని పట్టి ఆపితే, ఏ భాగాన్ని తిప్పితే ఏ గేరు వస్తుందన్నది ముందే లెక్కకట్టి ఉంటుంది. పట్టుకునేవి క్లచ్ ప్లేట్లు, బ్యాండ్లు. వాటిని నొక్కేది ఆయిల్ ఒత్తిడి. ఆ ఒత్తిడిని ఏ దారిన పంపాలో కంప్యూటర్ సోలినాయిడ్లకు చెబుతుంది, అవి వాల్వ్ బాడీలో దారులు తెరిచి మూస్తాయి.

జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్‌స్‌మొబైల్ కార్లలో తెచ్చిన హైడ్రామాటిక్‌లో కంప్యూటర్ లేదు. అయినా ఆయిల్ ఒత్తిడితో ప్లానెటరీ గేర్లను పట్టి వదిలే సూత్రం అప్పటి నుంచీ ఉన్నదే. హోండా మాత్రం తన సంప్రదాయ ఆటోమేటిక్‌లలో ప్లానెటరీ గేర్ల బదులు సమాంతర షాఫ్టులు వాడింది. అక్కడా క్లచ్‌లను నొక్కేది ఆయిలే.

ముందు లక్షణం రాసుకోవాలి

‘గేర్లు సరిగా పడటం లేదు’ అన్న ఒక్క మాటతో మెకానిక్‌కు ఏమీ తెలియదు. ఏ గేరులో, ఏ వేగంలో, బండి చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అన్నది చెబితే సగం దారి దొరికినట్టే.

డి గానీ ఆర్ గానీ వేశాక రెండు మూడు సెకన్లు ఆగి పట్టుకుంటే, ఆయిల్ తగ్గిందనో, సీళ్లు గట్టిపడి ఒత్తిడి కారిపోతోందనో అనుమానించాలి. ఇంజిన్ ఆర్‌పీఎం పెరిగి బండి వేగం పెరగకపోతే అది స్లిప్. వేడెక్కాకే స్లిప్ అవుతుంటే, పలచబడిన ఆయిల్ అరిగిన చోట్ల నుంచి కారిపోతూ ఉండొచ్చు.

అన్ని గేర్లూ స్లిప్ అయితే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని చూడాలి: ఆయిల్ లెవెల్, ఫిల్టర్, పంపు. ఒకే గేరు చెడితే ఆ గేరుకు సంబంధించిన క్లచ్‌నో సోలినాయిడ్‌నో చూడాలి. చాలా నాలుగు గేర్ల బాక్సుల్లో రివర్స్‌కూ మూడో గేరుకూ ఒకే క్లచ్ పనిచేస్తుంది. ఆ రెండూ కలిసి చెడి, మొదటి రెండు గేర్లు బాగుంటే వేలు నేరుగా ఆ క్లచ్ వైపే చూపిస్తుంది. ఏ గేరుకు ఏ క్లచ్ పనిచేస్తుందో చెప్పే పట్టిక సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. బాక్స్ విప్పకుండానే లోపలి దోషిని పట్టించే సాధనం అదే.

నిలకడగా వెళ్తున్నప్పుడు బండి సన్నగా వణికితే, టార్క్ కన్వర్టర్‌లోని రెండు రెక్కల చక్రాలనూ కలిపి బిగించే లాకప్ క్లచ్ కావచ్చు, ఇంజిన్ మిస్ ఫైర్ కూడా కావచ్చు. వెనక ఏ వాహనమూ లేని ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్ అలాగే ఉంచి, బ్రేక్ పెడల్‌ను లైటు వెలిగేంత మాత్రం తాకాలి. చాలా కార్లలో అంతకే లాకప్ విడిపోతుంది. వణుకు ఆ క్షణమే ఆగితే అనుమానం లాకప్ మీదే.

ఆయిల్ చెప్పే సాక్ష్యం

డిప్‌స్టిక్ ఉన్న కార్లలో, చదునైన నేల మీద, ఇంజిన్ వేడెక్కాక ఆయిల్ చూడాలి. చాలా కార్లలో ఇంజిన్ నడుస్తుండగానే చూడాలి. హోండా ఆటోమేటిక్‌లలో ఇంజిన్ ఆపి, నిమిషం నిమిషంన్నర లోపు చూడాలి. ఈ తేడా తెలియక చూస్తే లెవెల్ తప్పు చూపిస్తుంది.

సాధారణంగా కొత్త ఆయిల్ ఎర్రగా ఉంటుంది. వాడకంతో గోధుమ రంగుకు రావడం మామూలే. నల్లబడి, పోపు మాడినట్టు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలాయని అర్థం. పాలు కలిసినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్‌లోని కూలర్ చిట్లి కూలెంట్ కలిసింది. అప్పుడు బండిని ఇక నడపకూడదు.

ఆయిల్‌కు పెద్ద శత్రువు వేడి. వేడి పది, పదకొండు డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడల్లా ఆయిల్ ఆయుష్షు సగమవుతుందన్నది మెకానిక్కులు వాడే స్థూల లెక్క. మే నెల మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర డిలో ఆగి ఉన్న కారులో, ఇంజిన్ నుంచి కన్వర్టర్‌లోకి వెళ్లే శక్తి అంతా వేడిగానే మారుతుంది. కూలర్‌కు ఎదురుగాలీ ఉండదు. కాబట్టి ఇలాంటి ట్రాఫిక్‌లో తిరిగే కారుకు మాన్యువల్‌లోని ‘కఠిన పరిస్థితుల’ గడువు ప్రకారమే ఆయిల్ మార్చాలి.

స్కానర్, కొలతలు

మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు, లోపాలను కోడ్‌లుగా నమోదు చేసే ఓబీడీ-2 వ్యవస్థ తప్పనిసరి అయింది. అంతకుముందు వచ్చిన చాలా ఆటోమేటిక్‌లలో కూడా స్కానర్ పెట్టి చూడొచ్చు. పి0700 కోడ్ ‘గేర్‌బాక్స్ కంప్యూటర్ ఫిర్యాదు చేసింది’ అని మాత్రమే చెబుతుంది. అసలు ఫిర్యాదు దాని పక్కన ఉంటుంది: పి0730 అంటే గేరు నిష్పత్తి తేడా, పి0741 అంటే లాకప్ పట్టకపోవడం.

బండి ఒకే గేరులో ఇరుక్కుంటే అది చాలావరకు కంప్యూటర్ పెట్టిన రక్షణ స్థితి. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగానే నడుస్తుంది, లోపం మాత్రం పోదు. కోడ్‌ను రాసుకోకుండా చెరిపేస్తే సాక్ష్యాన్ని చెరిపేసినట్టే.

నీరసించిన బ్యాటరీ, తుప్పుపట్టిన ఎర్త్ వైరు, తప్పుడు లెక్కలు పంపే థ్రాటిల్ సెన్సర్, స్పీడ్ సెన్సర్, విరిగిన ఇంజిన్ మౌంటింగ్: ఇవన్నీ గేర్‌బాక్స్ చెడినట్టే కనిపింపజేస్తాయి. వీటిని దాటాకే సోలినాయిడ్ల రెసిస్టెన్స్, గేజ్‌తో ఆయిల్ ఒత్తిడి కొలవాలి. బ్రేక్ తొక్కిపట్టి యాక్సిలరేటర్ నొక్కే స్టాల్ టెస్ట్ మాత్రం ఇంట్లో చేయకూడదు. ఐదు సెకన్లు మించితే ఆయిల్ మాడిపోతుంది, బండి ముందుకు దూకితే ప్రాణాపాయం.

అన్ని ఆటోమేటిక్‌లూ ఒకటి కావు

2014లో మారుతి సెలేరియోతో మన దగ్గరికి వచ్చిన ఏఎంటీలో టార్క్ కన్వర్టర్ ఉండదు. అది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ నొక్కి గేరు మార్చే పని యాక్చుయేటర్‌ది. గేరు మారేటప్పుడు చిన్న తూగు దాని స్వభావం. తరచూ న్యూట్రల్‌లోకి జారిపోతే క్లచ్ ప్లేటు అరుగుదల, యాక్చుయేటర్, బ్యాటరీ చూడాలి. క్లచ్ మార్చాక కంప్యూటర్‌కు కొత్త స్థానాన్ని స్కానర్‌తో నేర్పించాలి. సీవీటీలో గేర్లకు బదులు పుల్లీల మధ్య స్టీల్ బెల్టు ఉంటుంది. దానికి దాని ఆయిలే పోయాలి, మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే బెల్టు పాడవుతుంది.

కారు యజమానులు షెడ్డులో మూడు విషయాలు అడగాలి: ఆయిల్ ఎలా ఉంది, స్కానర్‌లో ఏ కోడ్ వచ్చింది, కొలిస్తే ఒత్తిడి ఎంత ఉంది. మూడింటికీ కాగితం మీద జవాబు రాయించుకోండి. ఆ మూడూ లోపలి లోపాన్నే చూపిస్తే బాక్స్ దించమనండి. జవాబులు దొరికేదాకా దించనివ్వకండి.