కిత్తనార సాగు: నాలుగు పాళ్ల నార, తక్కిన పాళ్ల విలువ

ఇతర పైరులు నిలువని గరుసు నేలలలో సైతం కిత్తనార మొక్క నిలుస్తుంది. సిసల్ పేరుతో ప్రసిద్ధమైన ఈ అగేవ్ సిసలానా స్వస్థలం మెక్సికో. యుకటాన్ తీరంలోని సిసల్ రేవు నుండి ఈ నార ఎగుమతి అయినందున ఆ పేరు స్థిరపడింది. 1893లో రిచర్డ్ హిండార్ఫ్ తూర్పు ఆఫ్రికాకు తెప్పించిన వేయి లఘులశునాలలో 62 మాత్రమే బ్రతికాయి. నేటి టాంజానియా తోటలకు మూలం అవే.

ఈ మొక్క పత్రరంధ్రాలను పగలు మూసి రాత్రివేళ తెరచి బొగ్గుపులుసు వాయువును గ్రహిస్తుంది. అందువలన నీటి నష్టం స్వల్పం. అయితే నీరు నిలిచే నేల దీనికి పనికిరాదు. విత్తనం అరుదుగా ఏర్పడుతుంది కనుక పిలకలు, లఘులశునాల ద్వారానే వ్యాప్తి జరుగుతుంది. నాటిన రెండు, మూడు సంవత్సరాలకు మొదటి కోత లభిస్తుంది. ఒక మొక్క జీవితకాలంలో సుమారు 200 నుండి 250 ఆకులను ఇచ్చి, ఒకే ఒక పూకాడ వేసి మరణిస్తుంది.

సాగులోని అసలు చిక్కు నేలలో లేదు, ఆకులో ఉన్నది. పచ్చి ఆకు బరువులో నార సుమారు నాలుగు శాతం మాత్రమే. టన్ను ఆకును మోసిన రైతుకు దక్కేది ఇంచుమించు 40 కిలోల నార. కోసిన ఆకు ఎండినకొలదీ నార తీయడం కష్టమవుతుంది. కనుక నార తీసే యంత్రం తోటకు దగ్గరలో ఉండాలి. దూరమైతే రవాణా ఖర్చే లాభాన్ని మింగివేస్తుంది.

మిగిలిన గుజ్జు, రసం వాగులలో కలిస్తే నీరు చెడుతుంది, ఉపయోగిస్తే ఆదాయమవుతుంది. టాంజానియాలోని హాలే తోటలో 2007లో నెలకొల్పిన కర్మాగారం ఈ వ్యర్థంతో జీవవాయువును, దాని నుండి విద్యుత్తును ఉత్పత్తి చేసింది. రసంలోని హెకోజెనిన్ స్టీరాయిడ్ ఔషధాల తయారీకి ముడిపదార్థం. గుజ్జును కుళ్లబెట్టి ఎరువుగా వాడవచ్చును.

తెలుగు జిల్లాలలో కిత్తలి జాతులు చేలగట్లపై కంచెగా చిరపరిచితమే. కంచెను పంటగా మార్చదలచినప్పుడు పొరుగున ఒడిశాలోని బామ్రా సిసల్ పరిశోధనా కేంద్రం అనుభవం మార్గదర్శకం కాగలదు. అయితే నాటించే ముందే విస్తరణ శాస్త్రవేత్త మూడు ప్రశ్నలకు సమాధానం వెదకాలి: యంత్రం ఎక్కడ ఉన్నది? నార కొనేదెవరు? గుజ్జు ఏమవుతుంది? వీటికి సమాధానం లేకుండా ఇచ్చిన పిలక, మూడేళ్లు నిరీక్షించిన మెట్ట రైతుకు మరల కంచెగానే మిగులుతుంది.