మలేరియా మాత్ర కరోనాను ఆపుతుందా? ఈ ప్రశ్న వెనుక ఎన్ని కొలువులో!

ఏళ్ల తరబడి ఒక జబ్బుకు వాడుతున్న మందును ఇంకో జబ్బుకు పనికొస్తుందేమో పరీక్షించడాన్ని డ్రగ్ రీపర్పసింగ్ అంటారు. వినడానికి తేలికే. చేయడానికి మాత్రం కోఆర్డినేటర్లు, మానిటర్లు, డేటా మేనేజర్లు, స్టాటిస్టీషియన్లు, డ్రగ్ సేఫ్టీ నిపుణులు.. ఇలా పెద్ద బృందమే కావాలి. ఫార్మసీ, ఫార్మ్-డి, నర్సింగ్, లైఫ్ సైన్సెస్, స్టాటిస్టిక్స్.. వీటిలో మీరు ఏది చదువుతున్నా ఈ రంగంలో మీకో కుర్చీ ఉంది. అందులో కూర్చోవాలంటే ఒక ట్రయల్‌ను మొదటి నుంచి చివరిదాకా చదవడం రావాలి. అందుకు హైడ్రాక్సీక్లోరోక్విన్ కథను మించిన పాఠం లేదు.

అసలేం జరిగింది?

హైడ్రాక్సీక్లోరోక్విన్ మలేరియా పరాన్నజీవిపై పనిచేసే మందు. లూపస్, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ రోగులు కూడా రోజూ వాడతారు. ధర తక్కువ. ఎంత మోతాదు ఇవ్వొచ్చో, ఏ ఇబ్బందులు వస్తాయో డాక్టర్లకు ముందే తెలుసు. కొత్త మందు కనిపెట్టాలంటే ఏళ్లు పడుతుంది కదా, చేతిలో ఉన్నదాన్నే వాడి చూద్దాం అన్న ఆలోచన 2020 మొదట్లో ప్రపంచమంతా వచ్చింది.

దానికి ఒక ఆధారమూ కనిపించింది. ల్యాబ్‌లో కోతి కిడ్నీ నుంచి పెంచిన వీరో కణాల్లో ఈ మందు కరోనా వైరస్‌ను అడ్డుకుంది. 2020 మార్చి 22న మన ఐసీఎంఆర్ టాస్క్‌ఫోర్స్ కూడా కోవిడ్ రోగులను చూసుకునే ఆరోగ్య సిబ్బందికి, రోగి ఇంట్లోవాళ్లకు ముందుజాగ్రత్తగా దీన్ని సూచించింది. ఆరోగ్య సిబ్బందికి మొదటి రోజు 400 మిల్లీగ్రాముల చొప్పున రెండుసార్లు, ఆ తర్వాత వారానికోసారి 400 చొప్పున ఏడు వారాలు. జనం మందుల షాపులకు పరుగెత్తడంతో మార్చి 26న కేంద్రం దీన్ని షెడ్యూల్ హెచ్1లో చేర్చి, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కట్టడి చేసింది. అప్పటిదాకా ఈ మాత్రపైనే ఆధారపడ్డ లూపస్ రోగులకు చాలా దేశాల్లో మందు దొరకని పరిస్థితి వచ్చింది. రుజువు రాకముందే ఆశ పరుగెడితే నష్టపోయేది ఎవరో గమనించారా?

ల్యాబ్‌లో పనిచేసింది కదా, ఇంకేంటి?

ఇంటర్వ్యూలో తరచూ తగిలే ప్రశ్న ఇది. 'ల్యాబ్ వేరు, మనిషి వేరు సర్' అంటే సరిపోదు. కారణం చెప్పాలి.

వీరో కణాల్లోకి వైరస్ ఎండోసోమ్ అనే చిన్న సంచి ద్వారా వెళ్తుంది. ఆ సంచిలో ఆమ్లత్వం ఉంటేనే దాని పని సాగుతుంది. క్లోరోక్విన్ ఆ ఆమ్లత్వాన్ని తగ్గిస్తుంది కాబట్టి దారి మూసుకుపోతుంది. కానీ మన ఊపిరితిత్తుల కణాలపై టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే ఎంజైమ్ ఉంటుంది. దాని సాయంతో వైరస్ కణం పైపొర నుంచే నేరుగా లోపలికి దూరుతుంది. ఈ మందు మూసే తలుపు ఒకటి, వైరస్ వచ్చే తలుపు ఇంకొకటి! మనిషి ఊపిరితిత్తుల నుంచి తీసిన కాలు-3 కణాల్లో క్లోరోక్విన్ వైరస్‌ను ఆపలేకపోయిందని 2020 జులైలో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. ఏ కణాల్లో పరీక్షించారు అన్నది చిన్న విషయం కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

మూడు ట్రయల్స్.. మూడు పాఠాలు

మొదటిది అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ ట్రయల్. డాక్టర్ డేవిడ్ బౌల్వేర్ బృందం 2020 మార్చిలోనే మొదలుపెట్టింది. కోవిడ్ రోగికి దగ్గరగా మెలిగిన 821 మందిని ఇంటర్నెట్ ద్వారా చేర్చుకుని, మాత్రలు ఇళ్లకే పంపారు. లాటరీ తీసినట్టు 414 మందికి అసలు మందు, 407 మందికి ప్లాసిబో, అంటే ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది వెళ్లిందో తీసుకునేవాళ్లకూ తెలియదు, పరిశోధకులకూ తెలియదు. దీన్నే డబుల్ బ్లైండ్ అంటారు. ఫలితం జూన్ 3న వచ్చింది. మందు తీసుకున్నవాళ్లలో జబ్బు పడింది 11.8 శాతం, ప్లాసిబో వాళ్లలో 14.3 శాతం. పక్క ఇబ్బందులు మాత్రం 40.1 శాతం, 16.8 శాతం.

11.8 తక్కువే కదా, మందు పనిచేసినట్టేగా అనిపిస్తుంది. ఆగండి. మందుకు ఏ ప్రభావం లేకపోయినా, కేవలం లాటరీ వల్లే ఇంత తేడా రావచ్చు. పీ విలువ 0.35 అనడంలో ఉన్న అర్థం అదే. పైగా అప్పట్లో టెస్టులు దొరక్క, చాలామందికి లక్షణాలను బట్టే కోవిడ్ అని నిర్ధారించారు. ఈ ట్రయల్ చెప్పే పాఠం: ఎక్కువ తక్కువలు చూడగానే తీర్పు ఇవ్వొద్దు.

రెండోది స్పెయిన్‌లోని కాటలోనియాలో ఓరియల్ మిత్జా బృందం చేసింది. 672 మంది రోగులకు దగ్గరగా మెలిగిన 2,314 మందిని తీసుకున్నారు. పీసీఆర్‌తో నిర్ధారించిన, లక్షణాలున్న కోవిడ్ మందు వైపు 5.7 శాతం, మందు ఇవ్వని వైపు 6.2 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇక్కడ ప్లాసిబో వాడలేదు. ఇబ్బందులు వచ్చాయని చెప్పినవాళ్లు మందు వైపు 56.1 శాతం ఉంటే, రెండో వైపు 5.9 శాతమే. మాత్ర మింగుతున్నామని తెలిసినవాళ్లు కడుపులో చిన్న తేడా వచ్చినా చెబుతారు. ఏమీ మింగనివాళ్లకు ఆ ఊసే ఉండదు. ప్లాసిబో ఎందుకు అని ఎవరైనా అడిగితే ఈ ఉదాహరణ చెప్పండి.

మూడోది కాప్‌కావ్. బ్యాంకాక్‌లోని మాహిడోల్ ఆక్స్‌ఫర్డ్ పరిశోధన సంస్థ నడిపింది. 40 వేల మందితో చేయాలనుకున్నారు. రెండేళ్లలో చేరింది 4,652 మంది. లక్షణాలున్న కోవిడ్ మందు వైపు 2,320 మందిలో 240 మందికి, ప్లాసిబో వైపు 2,332 మందిలో 284 మందికి వచ్చింది. పూర్తి ఫలితాలు పత్రికలో వచ్చేసరికి 2024.

ఇప్పుడు కాలిక్యులేటర్ తీయండి. మిన్నెసోటాలో 11.8ని 14.3తో భాగిస్తే సుమారు 0.83. కాప్‌కావ్‌లో ఆ నిష్పత్తి 0.85. దాదాపు ఒకే సంఖ్య! కానీ మొదటిదానిలో పీ విలువ 0.35, రెండోదానిలో 0.05. మారింది మనుషుల లెక్క. మిన్నెసోటా వాళ్లు మందు జబ్బును సగానికి తగ్గిస్తుందేమో అన్న అంచనాతో ట్రయల్‌ను డిజైన్ చేశారు. చిన్న ప్రయోజనాన్ని పట్టుకోవాలంటే ఆ సైజు సరిపోదు. కాప్‌కావ్‌ను నమ్మినా, నూటికి ఇద్దరికి మించి మేలు కనిపించదు. అదీ అనుమానపు అంచున ఉంది. అప్పటికి ఫలితాలు వచ్చిన ట్రయల్స్‌ను కలిపి చూసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు, కోవిడ్ నివారణకు ఈ మందు వాడొద్దని 2021 మార్చిలోనే గట్టిగా చెప్పారు.

డేటాను ఎవరు చూస్తున్నారు?

కాప్‌కావ్‌కు 40 వేల మంది దొరకకపోవడానికి ఎన్నో కారణాలు. మధ్యలో ఒక పెద్ద దెబ్బా తగిలింది. 2020 మే 22న 'లాన్సెట్'లో ఒక పేపర్ వచ్చింది. 671 ఆస్పత్రులు, 96 వేలకు పైగా రోగుల వివరాలు విశ్లేషించామనీ, ఈ మందు తీసుకున్నవాళ్లలో మరణాలు ఎక్కువనీ దాని సారాంశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఈ మందును ఆపేసింది. కాప్‌కావ్‌కూ బ్రేక్ పడింది. కానీ ఆ పేపర్లో ఆస్ట్రేలియా మరణాలు ఆ దేశంలో అప్పటికి నమోదైన మొత్తం మరణాల కంటే ఎక్కువగా ఉన్నాయి! అసలు డేటా చూపించమంటే సర్జిస్ఫియర్ అనే ఆ కంపెనీ చూపలేదు. జూన్ 4న పేపర్ వెనక్కి తీసుకున్నారు. రెండు వారాల పొడవు లేని ఆ వ్యవహారం నిజాయతీగా సాగుతున్న ట్రయల్స్‌పై జనం నమ్మకాన్ని దెబ్బతీసింది.

ఇంకో సంఘటన మీ వయసువాళ్లది. ఐవర్‌మెక్టిన్ తెలుసుగా? గజ్జికి, నులిపురుగులకు ఇచ్చే మందు. ఇది కోవిడ్‌కు చికిత్సగానూ, నివారణగానూ అద్భుతంగా పనిచేస్తుందని 2020 నవంబరులో ఈజిప్టు నుంచి ఒక ప్రీప్రింట్ వచ్చింది. లండన్‌లో మెడిసిన్ చదువుతున్న జాక్ లారెన్స్‌కు క్లాసులో భాగంగా దాన్ని పరిశీలించే పని పడింది. చదువుతుంటే భాష తేడాగా అనిపించింది. 'సివియర్ అక్యూట్ రెస్పిరేటరీ సిండ్రోమ్' అనే పేరు ఒకచోట 'ఎక్స్‌ట్రీమ్ ఇంటెన్స్ రెస్పిరేటరీ సిండ్రోమ్' అయింది. వేరేచోట నుంచి ఎత్తిన వాక్యాల్లో మాటలు మార్చారన్నమాట! తర్వాత డేటా ఫైలు తెరిచి చూస్తే, ట్రయల్ మొదలవకముందే చనిపోయినవాళ్లు కూడా అందులో రోగులుగా ఉన్నారు. కొన్ని వరుసలు ఒకదానికొకటి నకళ్లు. 2021 జులైలో ఆ ప్రీప్రింట్‌ను తొలగించారు. అప్పటికే దాన్ని కలుపుకొని వేసిన లెక్కలన్నీ మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది. లారెన్స్ దగ్గర ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏమీ లేదు. ఉన్నది అనుమానం, ఓపిక.

మరి మన కొలువులు ఎక్కడ?

పైన చదివిన ప్రతి మలుపులోనూ ఒక ఉద్యోగం ఉంది.

క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్: ఆస్పత్రిలో ఉండి రోగులను చేర్చడం, సమ్మతి తీసుకోవడం, రికార్డులు రాయడం. ఫ్రెషర్లకు ఇదే మంచి మొదటి మెట్టు. హైదరాబాద్ నిమ్స్ కోవాగ్జిన్ ట్రయల్స్ జరిగిన చోటే.

క్లినికల్ రీసెర్చ్ అసోసియేట్: ఊరూరా ట్రయల్ కేంద్రాలకు తిరిగి, రాసిన డేటా అసలు కేస్‌షీటుతో సరిపోతోందా అని సరిచూసేవారు. సర్జిస్ఫియర్ డేటాకు ఇలాంటి తనిఖీయే లేకపోయింది. ప్రయాణాలు ఎక్కువ.

క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్: నకలు వరుసలు, తారీకు పొరపాట్లు పట్టుకునే విభాగం. చనిపోయిన తేదీ చేరిన తేదీ కంటే ముందుంటే ఇక్కడే గంట మోగాలి.

బయోస్టాటిస్టిక్స్, స్టాటిస్టికల్ ప్రోగ్రామింగ్: ఎంతమంది కావాలో ముందే లెక్కేయడం, ఫలితాన్ని విశ్లేషించడం. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌తో పాటు శాస్ లేదా ఆర్ వస్తే గిరాకీ.

ఫార్మకోవిజిలెన్స్: పక్క ఇబ్బందుల నమోదు, విశ్లేషణ. ట్రయల్‌లో తీవ్రమైన ఇబ్బంది వస్తే 24 గంటల్లో తెలియజేయాలన్నది మన దేశంలో నిబంధన. ఫార్మ్-డి, బీఫార్మసీ వాళ్లకు అనుకూలం.

రెగ్యులేటరీ, మెడికల్ రైటింగ్: 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం పాత మందును కొత్త జబ్బుకు మార్కెట్ చేయాలన్నా అది 'కొత్త మందు' కిందే లెక్క. అనుమతికి పత్రాలు సిద్ధం చేసేది వీళ్లే.

మీకున్న ఇంకో అర్హతను మర్చిపోవద్దు.. తెలుగు. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. 'మీకు అసలు మందు రావచ్చు, ఉత్తుత్తిది రావచ్చు. ఎప్పుడైనా మానుకోవచ్చు. మానుకున్నా మీ వైద్యం ఆగదు' అని శ్రీకాకుళం అవ్వకు, ఆదిలాబాద్ పెద్దాయనకు భయపెట్టకుండా, మభ్యపెట్టకుండా చెప్పగలగడం నైపుణ్యమే. ఇంటర్వ్యూలో ఈ మాట ధైర్యంగా చెప్పుకోండి.

ఈ నెలలోనే మొదలుపెట్టండి

1. ఐసీఎంఆర్ నడిపే సీటీఆర్ఐ వెబ్‌సైట్ తెరవండి. మన దేశంలో ట్రయల్స్ అన్నీ మొదటి రోగిని చేర్చుకోకముందే ఇందులో నమోదు కావాలి. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

2. నచ్చిన పాత మందు ఒకటి వెతికి, ఆ ట్రయల్ గురించి ఒక పేజీ రాయండి. ఎంతమంది? పోలిక దేనితో? బ్లైండింగ్ ఉందా? ప్రధాన ఫలితంగా దేన్ని కొలుస్తున్నారు?

3. గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ కోర్సు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. పూర్తిచేసి సర్టిఫికెట్‌ను రెజ్యూమెలో పెట్టండి.

4. 'వంద శాతం ప్లేస్‌మెంట్' అంటూ వేలకు వేలు అడిగే సంస్థల్లో చేరేముందు, గత బ్యాచ్‌లో చేరిన ఇద్దరితోనైనా నేరుగా మాట్లాడండి. వాళ్ల నంబర్లు ఇవ్వకపోతే అనుమానించండి.

5. ఎంఫార్మసీ ఆలోచన ఉంటే జీప్యాట్, పీజీఈసెట్‌లపై దృష్టి పెట్టండి. హైదరాబాద్ నైపర్ లాంటి సంస్థలకు విడిగా ప్రవేశ పరీక్ష ఉంటుంది.

ఇక ఇంటర్వ్యూలో 'హైడ్రాక్సీక్లోరోక్విన్ ట్రయల్స్ ఫెయిలయ్యాయి కదా, ఆ డబ్బంతా వృథాయేనా?' అని అడిగితే ఏమంటారు? వృథా కాదు. పనిచేయని మందును కోట్లమంది మింగకుండా ఆపిన ట్రయల్, పనిచేసే మందును కనిపెట్టిన ట్రయల్‌తో సమానం. వృథా అయింది మరోచోట. చిన్నచిన్న ట్రయల్స్ ఎక్కడికక్కడ విడివిడిగా నడిచాయి, పెద్దది సకాలంలో నిండలేదు, తప్పుడు డేటా మధ్యలో దూరింది. ఈ మూడూ సరిదిద్దడానికే మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకుంటారు. అదే మాట చెప్పి, మిన్నెసోటా, కాప్‌కావ్ లెక్కలు రెండూ కాగితంపై వేసి చూపించండి.